చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ ఓడలో మూడు రాత్రులు: పక్క బంక్ వాళ్ళతో స్నేహం ఎలా కలుపుకోవాలి

మా ఆఫీసులో ఎవరైనా అండమాన్ వెళ్తున్నాం అనగానే నేను అడిగేది ఒకటే, ఫ్లైటా ఓడా అని. ఫ్లైట్ అయితే రెండు గంటల పైచిలుకు, హాయిగా వెళ్ళి రండి అంటా. ఓడ అన్నారంటే మాత్రం క్యాంటీన్‌లో కూర్చోబెట్టి గంటసేపు చెప్తా, ఎందుకంటే చెన్నై పోర్టు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి దాదాపు 1200 కిలోమీటర్లు, 60 గంటలు అటూ ఇటూగా పడుతుంది, అంటే మామూలుగా మూడు రాత్రులు, ఫోన్ సిగ్నల్ లేకుండా, చుట్టూ అంతా ముక్కూ మొహం తెలియని వాళ్ళే. ప్రతిసారీ అదే చెప్పడం కంటే ఒకసారి రాసి పెడితే పదిమందికీ పనికొస్తుంది కదా అని కూర్చున్నా. (పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని మార్చారు, కానీ జనం నోట్లో ఇంకా పాత పేరే తిరుగుతోంది, నేనూ అలాగే రాస్తున్నా.)

నేను ఈ ఓడ రెండు సార్లు ఎక్కా. మొదటిసారి అమ్మతో, రెండోసారి ఆఫీసులో ఇద్దరమ్మాయిలతో. మొదటిసారి ఎక్కగానే కర్టెన్ లాగేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకున్నా, తెల్లారేసరికి కడుపులో తిప్పడం మొదలైంది, రెండు రోజులు అలాగే పోయాయి, మూడో రోజు సాయంత్రం డెక్ మీదకి వెళ్తే అప్పటికే అందరూ ఒక ఊరి వాళ్ళలా కలిసిపోయి ఉన్నారు, మర్నాడు పొద్దున్నే ఎవరి దారిన వాళ్ళు దిగిపోయారు. ఆ బాధ నాకు చాలా రోజులుంది. అందుకే రెండోసారి వేరేగా చేశా, ఈ రాసేదంతా అందులోంచి వచ్చిందే.

ముందు టికెట్ సంగతి త్వరగా చెప్పేస్తా. ఓడ రోజూ ఉండదు, నెలకి కొన్నిసార్లే, షెడ్యూల్ వేస్తారు, అది మారుతుంది కూడా, అందుకని తిరుగు ప్రయాణానికీ ఆఫీసు లీవుకీ మధ్య రెండు మూడు రోజులు వదులుగా పెట్టుకోండి. నాన్‌కౌరీ, నికోబార్, స్వరాజ్ ద్వీప్ అనేవి ఈ రూట్లో జనం ఎప్పుడూ చెప్పుకునే ఓడల పేర్లు. ఫోటో ఉన్న ఐడీ ఒరిజినల్ దగ్గరుండాలి. క్లాసుల్లో పైన డీలక్స్ క్యాబిన్, ఆ తర్వాత ఫస్ట్, సెకండ్ క్లాస్ క్యాబిన్లు, అన్నిటికంటే చవక బంక్ క్లాసు, అంటే పెద్ద హాల్లో రైలు బెర్తుల్లాగా ఒకదాని మీద ఒకటి వరసలు, బాత్‌రూమ్‌లు అందరికీ కలిపి. పెద్దవాళ్ళూ పసిపిల్లలూ ఉంటే క్యాబిన్ తీసుకోండి, అందులో మొహమాటం ఏం లేదు. వయసులో ఉన్నవాళ్ళు, మనుషుల్ని కలవాలి అనుకునేవాళ్ళు బంక్ తీసుకోండి, క్యాబిన్ తలుపు వేసుకుంటే మిమ్మల్ని ఎవరొచ్చి పలకరిస్తారు చెప్పండి. కాలం విషయానికొస్తే జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త నిదానంగా ఉంటుంది, జూన్ నుంచి వర్షాల్లో ఊపు ఎక్కువ, అక్టోబర్ నుంచి డిసెంబర్ అంటే మన బంగాళాఖాతం తుఫాన్ల సీజన్ అని మీకు తెలిసిందే.

ఎక్కే రోజు బీచ్ స్టేషన్‌లో దిగి రాజాజీ సాలై మీద నుంచి పోర్టుకి వెళ్తారు కదా, చేతిలో టైముంటే ఆ పక్కనే బర్మా బజార్ దగ్గర అత్తో (బర్మా వాళ్ళ నూడుల్స్) తినండి, ఆ బజార్ బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్ళ కోసం 1960ల చివర్లో వెలిసింది. సముద్రం దాటి పోయినవాళ్ళ కథలు మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎన్ని లేవు, రంగం పోయాడు అంటే రంగూన్ పోయాడు అని మా నాయనమ్మ చెప్పేది, విశాఖ, కాకినాడ రేవుల నుంచి వేలమంది అలా వెళ్ళారు, 1942లో జపాన్ వాళ్ళు వస్తే చాలామంది అడవుల్లో నడుచుకుంటూ తిరిగొచ్చారు. ఓడ ఎక్కే ముందు ఇది గుర్తుంటే పక్కన కూర్చున్న ముసలాయన్ని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఓడలో స్నేహం మాటతో మొదలవదండీ, పనితో మొదలవుతుంది. హాయ్, మీ పేరేంటి, ఎక్కడ పని చేస్తారు అని అడిగితే మొదటి రోజు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పరు, సెక్యూరిటీ చెకింగు, లైను, సామాన్లు మోయడం, అందరూ అలిసిపోయి చిరాగ్గా ఉంటారు. అదే పైబెర్తుకి పెట్టె ఎత్తలేకపోతున్న పెద్దావిడ పెట్టె ఒక చెయ్యేసి పైకి పెట్టండి, పిల్లాడు ఏడుస్తున్న తల్లికి అమ్మా మీరు బాత్‌రూమ్‌కి వెళ్ళిరండి నేను సామాన్లు చూస్తా అనండి. రెండో ట్రిప్‌లో నేను చేసింది ఇంతే. ఎదురు బంక్‌లో ఒక పిన్ని, చేతిలో నాలుగు సంచులు, ఒక ప్లాస్టిక్ బకెట్, దాన్ని తాడుతో కట్టాలని తంటాలు పడుతుంటే నేను ఒక పక్క పట్టుకున్నా. ఆవిడ తలెత్తి "ఏటమ్మా, తెలుగేనా మీది?" అంది. సోంపేట దగ్గర పుట్టిందట, పెళ్ళయ్యాక జంగ్లీఘాట్‌లోనే ముప్పై ఏళ్ళు, వాళ్ళాయనకి చేపల పడవ. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మన శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్ళు చాలామంది ఉన్నారు, అండమాన్‌లో ఎక్కువగా వినపడే భాషల్లో మనదీ ఒకటి, అది తెలియక అక్కడంతా హిందీలోనే నెట్టుకురావాలేమో అని భయపడతారు మనవాళ్ళు.

అందుకని మొదటి సాయంత్రం పడుకోవద్దు. ఓడ కదిలే టైముకి డెక్ మీదకి రండి. హార్బర్ గోడ దాటి ఊరి లైట్లు చిన్నగా అవుతుంటే అందరూ రెయిలింగ్ దగ్గరకి చేరతారు, ఇళ్ళకి చివరి ఫోన్లు చేసుకుంటుంటారు, కొంచెం సేపటికి సిగ్నల్ పోతుంది, అప్పుడు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఆ పది నిమిషాలు చాలా విలువైనవి. ఏమీ తోచకపోతే, అదిగో ఆ లైటు మెరీనా లైట్‌హౌస్‌దేనా అని పక్కవాళ్ళని అడగండి, చెన్నై వాళ్ళయితే అవునో కాదో గట్టిగా చెప్తారు, దీవి వాళ్ళయితే ఇంకో నాలుగు విషయాలు కలిపి చెప్తారు. లైఫ్ జాకెట్ ఎక్కడుంది, అలారం మోగితే ఏ డెక్ మీదకి చేరాలి అనేది కూడా ఆ పూటే తెలుసుకోండి, పక్క బంక్ వాళ్ళకి తెలుగు తప్ప వేరే భాష రాకపోతే వాళ్ళకి విడమర్చి చెప్పండి, ఇంతకంటే మంచి పరిచయం ఏముంటుంది.

తిండి గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే నా లెక్కలో సగం పని తిండే చేస్తుంది. ఓడలో క్యాంటీన్ ఉంటుంది, అన్నం పప్పు లాంటివి దొరుకుతాయి, కానీ రెండో రోజుకి నోరు చప్పబడిపోతుంది, అప్పుడు ఆవకాయ జాడీ మూత తీశారనుకోండి, నాలుగు వరసల అవతల నుంచి కూడా చూపులు మీ మీదే. పులిహోర మొదటి రాత్రికి మాత్రమే, మర్నాటికి ఉంచొద్దు. జంతికలు, అటుకుల మిక్చరు, పల్లీ చిక్కీ, కరివేపాకు పొడి, ఎండు ఖర్జూరం, నిమ్మకాయలు ఒక డజను, అరటిపళ్ళు పచ్చివి కొన్ని పండినవి కొన్ని. స్టీలు డబ్బా ఒకటి ఖాళీగా తీసుకెళ్ళండి, ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ ఎవరైనా ఏమైనా పెడితే ఆ డబ్బాలో వేసుకుని, తిన్నాక కడిగి, అందులో మీది ఇంకోటి వేసి తిరిగిచ్చేయొచ్చు. మన ఇళ్ళల్లో ఖాళీ గిన్నె తిరిగివ్వరు కదా, అదే పద్ధతి. మా పిన్ని దగ్గరకి నా డబ్బా జంతికలతో వెళ్ళింది, వచ్చేటప్పుడు వేయించిన ఎండు చేపలతో వచ్చింది, అది పక్క బంకుల్లో ఉన్న, ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ బెంగాలీ కుటుంబానికి కూడా కొంచెం పెట్టా, వాళ్ళు ముడి (మన మరమరాలే) ఆవనూనె, పచ్చిమిర్చి వేసి కలిపి ఇచ్చారు. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ డబ్బా ఎవరిదో కూడా ఎవరికీ గుర్తులేదు. ఒక్క జాగ్రత్త, చేప, మాంసం తినని వాళ్ళ దగ్గర డబ్బా తెరిచే ముందు అడగండి, ఏసీ హాల్లో ఆ వాసన పోవాలంటే చాలాసేపు పడుతుంది, వాళ్ళు పైకి చెప్పకపోయినా ఇబ్బంది పడతారు.

కడుపులో తిప్పడం ఎవరికొస్తుందో ముందే చెప్పలేం, బస్సులో ఏమీ కానివాళ్ళకి కూడా ఇక్కడ అవుతుంది. చెవి లోపలి భాగం ఊగుతున్నాం అంటుంది, కళ్ళేమో గోడ కదలట్లేదు అంటాయి, ఆ రెండూ పొంతన కుదరక వాంతి. అవోమిన్ లాంటి మాత్ర డాక్టర్ని అడిగి ఓడ ఎక్కకముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే అది కూడా కక్కేస్తారు, నిద్ర మత్తు వస్తుందని కూడా తెలుసుకోండి, గర్భిణులూ చిన్నపిల్లలూ డాక్టర్ చెప్పకుండా అసలు వేసుకోకూడదు. ఓడ మధ్య భాగంలో, కింద డెక్కుల్లో ఊపు తక్కువ, ముందు కొసన ఎక్కువ. ఖాళీ కడుపుతో ఉండొద్దు, అలాగని మెక్కొద్దు. ఫోన్ చూడొద్దు, పుస్తకం చదవొద్దు. డెక్ మీదకొచ్చి దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత చూడండి. మా పిన్ని భాషలో అయితే "సూపు దూరంగా ఎట్టు, దగ్గర నీళ్ళు సూడకు, ఇదిగో ఈ నిమ్మకాయ గోటితో గిల్లి వాసన పీల్చు". నాతో వచ్చిన ఒకమ్మాయికి రెండో రోజు పొద్దున్న బాగా అయింది, పిన్నే వచ్చి జుట్టు వెనక్కి పట్టుకుని, వీపు రాసి, కవరు పట్టింది, సొంత మేనత్త కూడా అంత చేస్తుందో లేదో. ఆ తర్వాత ఆ అమ్మాయి ఆవిడ్ని వదల్లేదు. అందుకని మీకు బాగుంటే గనక ఆ రోజు మీ పని అదే, కవర్లు, నిమ్మకాయలు, నీళ్ళ సీసా పట్టుకుని వరసలో ఒక రౌండు వేయండి. ఎవరికి బాలేదో అడగండి. వాంతులు ఆగకుండా నీరసపడిపోతుంటే మాత్రం మీరే వైద్యం చేయకుండా ఓడ సిబ్బందికి చెప్పండి, డాక్టర్ దగ్గరకి వాళ్ళు తీసుకెళ్తారు.

ఇక టైమ్ గడపడం. ఫోన్‌లో సినిమాలు దించుకుని వెళ్ళేవాళ్ళని వద్దనను కానీ అది ఒంటరి పని. నేను తీసుకెళ్ళింది అష్టాచెమ్మా. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో గళ్ళు గీసి, నాలుగు గవ్వలు, పావులకి చింతపిక్కలు, బొత్తాలు, చీపురు పుల్ల ముక్కలు, గాజు ముక్కలు వద్దు గుచ్చుకుంటాయి. పేకముక్కలు డెక్ మీద గాలికి ఎగిరిపోతాయి, పైగా డబ్బులు పెట్టి ఆడదాం అనేవాళ్ళు వస్తారు, అది నాకు ఇష్టం లేదు, డబ్బు దిగితే స్నేహం చెడుతుంది. అష్టాచెమ్మాకి భాష అక్కర్లేదు, ఒక ఆట చూస్తే వచ్చేస్తుంది. తమిళ కుర్రాడొకడు, హోటల్లో పనికి మొదటిసారి వెళ్తున్నాడు, ఇది మా ఊళ్ళో తాయం అక్కా అంటూ కూర్చున్నాడు, సెలవులకి ఇంటికి వెళ్తున్న కాలేజీ పిల్లలు ఇద్దరు, బెంగాలీ తాతగారు, పిన్ని, నేను, మొత్తం ఓడలో మా గుంపుదే గోల. ఆ కుర్రాడు తర్వాత తర్వాత నాకు సొంత తమ్ముడిలాగే అయ్యాడు, మొదటి జీతం వచ్చిన రోజు ఫోన్ చేశాడు.

రాత్రుళ్ళ గురించి ఒకటి చెప్పాలి. ఓడ తూర్పుకి పోతుంది, గడియారం మాత్రం మారదు, అంతా ఇండియా టైమే. చెన్నైకీ పోర్ట్ బ్లెయిర్‌కీ సూర్యుడి లెక్కలో దాదాపు 50 నిమిషాల తేడా ఉంది, అంటే రోజు రోజుకీ తెల్లారడం ముందుకు జరుగుతుంది, చీకటి కూడా ముందే పడుతుంది. ఆఖరి సాయంత్రం ఐదున్నరకే చీకటైపోతే చాలామంది టైము తెలియక తికమక పడ్డారు. భోజనం టైము ఇంకా కాలేదు, చీకటి పడిపోయింది, చేసే పనేం లేదు, అదిగో మనుషులు మనసు విప్పేది అప్పుడే. దుప్పటి పట్టుకుని డెక్ మీద గాలి తక్కువ తగిలే పక్కన కూర్చోండి. ఊరి వెలుతురు లేదు కాబట్టి అమావాస్య దగ్గర రోజుల్లో అయితే నక్షత్రాలు ఇన్ని ఉంటాయా అనిపిస్తుంది, కొన్ని రాత్రులు ఓడ చీల్చుకుపోయిన నీళ్ళల్లో నీలంగా మెరుపు కూడా వస్తుంది, నీళ్ళల్లో ఉండే కంటికి కనపడని ప్రాణులు కదిలితే వచ్చే వెలుగు అది. పగలైతే ఎగిరే చేపలు, గుంపుగా లేచి నీళ్ళ మీద గాల్లో జారుకుంటూ పోయి మళ్ళీ మునుగుతాయి, వాటిని మొదట చూసినవాళ్ళు గట్టిగా అరిచి అందర్నీ పిలవాలి, ఇది మా గుంపు పెట్టుకున్న రూలు.

అడగడంలో మాత్రం కొంచెం మెల్లగా ఉండండి. మనం టూర్‌కి వెళ్తున్నాం కాబట్టి అందరూ సరదాకే వెళ్తున్నారు అనుకుంటాం. దీవుల నుంచి చాలామంది చెన్నైకి ఆపరేషన్లకీ, పెద్ద వైద్యానికీ వస్తారు, తిరిగి వెళ్ళేటప్పుడు ఇదే ఓడ. ఆ కాలేజీ పిల్లల పక్క బంక్‌లో ఒకావిడ ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునేది, నేను మొదటి రోజు ఏంటక్కా అండమాన్‌లో మీ ఇల్లా, చెన్నై ఎందుకొచ్చారు అని గబగబా అడిగేశా, ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళాయన రిపోర్టులు బాలేవు. నాకు ఇప్పటికీ ఆ ప్రశ్న గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది. అప్పటి నుంచి ఎందుకు అని అడగడం మానేశా. భోంచేశారా, వేడినీళ్ళు కావాలా, కింద బెర్త్ కావాలంటే మార్చుకుందామా, ఇవి చాలు. చెప్పాలనుకుంటే వాళ్ళే చెప్తారు, ఆవిడ రెండో రాత్రి చెప్పింది, నేను ఏమీ అనలేదు, చెయ్యి పట్టుకుని కూర్చున్నా అంతే.

పెద్దవాళ్ళ దగ్గర మాత్రం ధైర్యంగా అడగొచ్చు, మీరు మొదటిసారి ఈ ఓడ ఎప్పుడెక్కారు అని. ఈ ఒక్క ప్రశ్నకి బెంగాలీ తాతగారు రెండు గంటలు చెప్పారు, దేశం రెండు ముక్కలయ్యాక వాళ్ళ నాన్న శరణార్థిగా వచ్చి, సర్కారు ఇచ్చిన భూమిలో అడవి కొట్టి వరి వేసిన కథ. దీవి వాళ్ళు మన వైపుని మెయిన్‌ల్యాండ్ అంటారు, వాళ్ళ హిందీ కూడా వేరేగా ఉంటుంది, తప్పులు ఎవరూ పట్టుకోరు, వచ్చీరాని హిందీతో దిగిపోండి. 1906లో కట్టడం పూర్తయిన సెల్యులార్ జైలు చూడ్డానికి అందరం వెళ్తాం కదా, అల్లూరి సీతారామరాజుతో కలిసి రంప పోరాటంలో ఉన్నవాళ్ళలో కొందర్ని కూడా అండమాన్ పంపించారు. మనం చెన్నై నుంచి జంతికలు నములుతూ పోతున్న ఈ సముద్రాన్నే వాళ్ళు కాలాపానీ అని, తిరిగి రాలేమని అనుకుంటూ దాటారు. ఆ సంగతి నేను చెప్తే ఆ కాలేజీ పిల్లలు కూడా చాలాసేపు మాట్లాడలేదు.

జాగ్రత్తలు. ఐడీ, టికెట్, డబ్బు చిన్న పౌచ్‌లో ఒంటి మీదే ఉంచుకోండి, ఎంత స్నేహం కుదిరినా అది మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. కొంచెం ఈ పార్సిల్ దింపి ఇవ్వవా అంటే మర్యాదగా వద్దనండి, పెట్టె ఎత్తిపెట్టడం వేరు, లోపల ఏముందో తెలియని పార్సిల్ మన పేరు మీద దింపడం వేరు. ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలు ఎక్కగానే కుటుంబాలున్న వరస చూసుకుని, బంక్ మార్చుకోవాల్సి వస్తే సిబ్బందికి చెప్పి మార్చుకోండి, మొహమాటపడొద్దు. రాత్రి డెక్ మీదకి ఇద్దరుగా వెళ్ళండి. ఎవరైనా మందు వాసనతో దగ్గరికొస్తే సర్దుకుపోవక్కర్లేదు, ఓడలో తాగడానికి లేదు, నేరుగా సిబ్బందికి చెప్పండి. రెయిలింగ్ ఎక్కి సెల్ఫీలు అస్సలు వద్దు. నిద్రపోతున్నవాళ్ళని, పేషెంట్లని ఫోటో తీయొద్దు, గుంపు ఫోటో అయినా అడిగి తీయండి. పోర్టు లోపల ఫోటోల విషయంలో సెక్యూరిటీ వాళ్ళు ఏం చెప్తే అది.

చివరిది, చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. నంబర్లు ఆఖరి రోజు పొద్దున్న తీసుకుందాంలే అనుకోకండి. తెల్లవారుజామున దీవులు కనపడగానే ఓడ మొత్తం లేచి నిలబడుతుంది, పచ్చగా గట్టులాగా ఒకటి, దాని వెనక ఇంకోటి, పోర్ట్ బ్లెయిర్ తూర్పు వైపున ఉంది కాబట్టి ఓడ చుట్టి రావాలి, ఈలోపు సిగ్నల్ వచ్చేస్తుంది, మూడు రోజుల మెసేజ్‌లు ఒక్కసారి పడతాయి, అందరూ మళ్ళీ ఫోన్లలోకి వెళ్ళిపోతారు, హడ్డో జెట్టీకి చేరగానే కూలీలు, ఆటోలు, పిలుపులు, మీ ఎదురు బంక్ మనిషి ఎటు వెళ్ళిందో కూడా తెలియదు. మొదటి ట్రిప్‌లో అమ్మకి రెండు రోజులు మంచినీళ్ళు అందించిన ఒక జవాను పేరు కూడా అడగలేకపోయాం, అమ్మ ఇప్పటికీ ఆ అబ్బాయి ఎలా ఉన్నాడో అంటుంది. అందుకని ముందు రోజు మధ్యాహ్నమే ఒక చిన్న నోట్‌బుక్ తిప్పండి, ఫోన్లు చార్జింగ్ అయిపోయి ఉంటాయి, కాగితమే నయం. పేరు, నంబరు, ఊరు, ఇంకా వాళ్ళని గుర్తుపట్టేలా ఒక మాట మీరే రాసుకోండి, బకెట్ పిన్ని, తాయం తమ్ముడు, ఇలా. నంబర్ ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళని బలవంతం చేయొద్దు.

దిగిన వారంలోపు ఒక్కసారైనా పలకరించండి, ఫోటోలు పంపించండి. పిన్ని మమ్మల్ని మూడో రోజు ఇంటికి పిలిచింది, ఊరికే వెళ్ళకూడదని స్వీట్లు, పూలు పట్టుకెళ్ళాం, ఆవిడ చేపల పులుసు పెట్టింది, శ్రీకాకుళం పులుసు అండమాన్ చేపతో. తిరుగు ఓడ డేట్ మారిందని మాకు మొదట చెప్పింది కూడా ఆవిడే, పొద్దున్న ఆరింటికి ఫోన్ చేసి "మీ ఓడ రెండు రోజులు ఎనక్కి ఎల్లిందంట, రూము కాళీ సేసి మా ఇంటికొచ్చీండి" అంది. మేం ముగ్గురం వెళ్ళి ఆ రెండు రాత్రులూ అక్కడే ఉన్నాం.